తెలిసినవారికి వినిపించని ప్రశ్న

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కొత్తగా బాధ్యతలు అందుకుంటున్న మీ అందరికీ నమస్కారం. నా పరిచయానికే చాలా సమయం పోయింది. అందులోని విశేషణాలు సగం నావి కావు కనుక వాటికి కృతజ్ఞతలు చెప్పే పనీ లేదు. విషయంలోకి వస్తాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘నాయకత్వంలో నిరంతర అభ్యాసం’. చదివే అలవాటు, కొత్త నైపుణ్యాలు, జిజ్ఞాస అని మూడు ఉపశీర్షికలు కూడా రాసి పంపారు. మొదటి రెండూ తొందరగా దాటేస్తాను. గొప్ప నాయకులు ఏడాదికి ఎన్ని పుస్తకాలు చదువుతారో లెక్కలు చెప్పే ఉపన్యాసాలు మీరు వినే ఉంటారు. చదవండి, మంచిదే. అబ్రహాం లింకన్ బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది కాదు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో సభ్యుడిగా పనిచేసి వచ్చాక యూక్లిడ్ రేఖాగణితం ముందేసుకుని కూర్చున్నారు. అంతర్యుద్ధం మీద పడ్డాక ఆ చట్టసభ గ్రంథాలయం నుంచి యుద్ధతంత్ర గ్రంథాలు తెప్పించుకుని చదివారు. ఆ చదువుకన్నా నాకు నచ్చేది ఆయన రాసిన ఒక చిన్న ఉత్తరం. 1863 జులైలో శత్రువుల చేతిలోని విక్స్‌బర్గ్ నగరం లొంగిపోయాక, దాన్ని గెలిచిన తన సేనాని జనరల్ గ్రాంట్‌కు రాశారు: మీ ఎత్తుగడ పొరపాటని భయపడ్డాను, మీరే సరి, నేనే పొరబడ్డాను అని. అప్పటికి వాళ్లిద్దరూ ఎదురుపడినట్టు లింకన్‌కు గుర్తు కూడా లేదు. నగరం చేజిక్కింది కదా, ఊరుకున్నా ఎవరూ అడిగేవారు కాదు.

సరే, నేను ఎక్కడ మాట్లాడినా చెప్పే సంగతి ఒకటుంది. ఇంతకుముందు నా దగ్గర విన్నవాళ్లు ఇక్కడుంటే మన్నించండి, మళ్లీ వినక తప్పదు.

1977 మార్చి 27. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని టెనరీఫ్. పక్క దీవిలోని విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడ దిగాల్సిన విమానాలను ఇటు మళ్లించారు. ఉన్నది ఒకటే రన్‌వే. పైగా పొగమంచు కమ్ముకుంటోంది. రెండు బోయింగ్ 747 విమానాలు. కేఎల్‌ఎం సంస్థ విమానం ఒక చివర ఎగరడానికి సిద్ధంగా ఉంది. పాన్ అమ్ సంస్థ విమానం అదే రన్‌వే మీద ఇంకా మెల్లగా నడుస్తోంది. ఒకదానికొకటి కనిపించవు.

కేఎల్‌ఎం కెప్టెన్ సామాన్యులు కాదు. ఆ సంస్థలో పైలట్లకు 747 నేర్పే గురువు. సంస్థ ప్రకటనల్లో ఆయన ఫొటో వేసేవారు. పక్క సీటులోని కో పైలట్‌ను 747 నడపడానికి అర్హుడని పరీక్షించి పంపింది కూడా ఆయనే, అంతకు రెండు నెలల ముందు.

కెప్టెన్ ఇంజిన్ల జోరు పెంచారు. ఇంకా అనుమతి రాలేదని కో పైలట్ గుర్తుచేశారు. తెలుసు, అడుగు అన్నారు కెప్టెన్. కాసేపటికి, ఎగరడానికి అనుమతి రాకుండానే, మళ్లీ కదిలారు. ఈసారి కో పైలట్ ఆపలేదు. తనను పాస్ చేసిన మనిషిని వెంటవెంటనే రెండుసార్లు తప్పుపట్టడం మనలో ఎంతమందికి సాధ్యం? వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీర్ మాత్రం రేడియోలో ఏదో మాట చెవినపడి అడిగారు: ఆ పాన్ అమ్ విమానం ఇంకా తప్పుకోలేదా? తప్పుకుంది అని కెప్టెన్ గట్టిగా బదులిచ్చారు. అక్కడితో ఆ ప్రశ్న అయిపోయింది. కొన్ని సెకన్లకే రెండు విమానాలూ ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు.

పొగమంచు ఉంది, రేడియోలో రెండు మాటలు ఒకేసారి వచ్చి హెచ్చరిక చెదిరిపోవడం ఉంది, డ్యూటీ గంటలు దాటిపోతాయన్న ఆత్రం ఉంది. నింద అంతా ఒక్కరి మీద వేయడం న్యాయం కాదు. కానీ స్పెయిన్ దర్యాప్తు నివేదిక ఎత్తిచూపిన ఒక విషయం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఆ కెప్టెన్ ఎక్కువ కాలం సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే విమానం నడపడం నేర్పే యంత్రంలో, పాఠాలు చెబుతూ గడిపారు. సిమ్యులేటర్‌లో కంట్రోల్ టవర్ ఉండదు. ఎగరడానికి అనుమతి ఇచ్చేది నేర్పే గురువే. ఏళ్ల తరబడి అనుమతులు ఇస్తూ వచ్చిన మనిషి ఆ రోజు అనుమతి కోసం ఆగాల్సిన చోట కూర్చున్నారు.

ఆయనకు చదువు తక్కువా? నైపుణ్యం తక్కువా? చెప్పండి! ఆ విద్యలో ఆ సంస్థలో ఆయన్ను మించినవాళ్లు అరుదు. మరి ఏమి కొరవడింది? ‘ఎందుకు అడుగుతున్నావు’ అన్న ఒక్క మాట.

విమానయాన రంగం దీన్ని ఊరికే పోనివ్వలేదు. 1979లో నాసా ఈ సమస్య మీదే ఒక సదస్సు పెట్టింది. 1981లో అమెరికా విమాన సంస్థ యునైటెడ్ కాక్‌పిట్ సిబ్బందికి కలిసి ఆలోచించడంలో, కిందివాళ్లు ధైర్యంగా చెప్పడంలో, పైవాళ్లు వినడంలో శిక్షణ మొదలుపెట్టింది. మర్యాదలు నేర్పే బడి అని కొందరు కెప్టెన్లు ఎగతాళి చేశారు. 1989 జులై 19న అదే సంస్థ విమానం ఒకదానికి తోక ఇంజిన్ ఆకాశంలో బద్దలై, విమానాన్ని అదుపుచేసే హైడ్రాలిక్ వ్యవస్థలు మూడూ పోయాయి. కెప్టెన్ ఆల్ హేన్స్ ఏమి చేశారు? ప్రయాణికుల్లో ఒక శిక్షణ పైలట్ ఉన్నారని తెలిసి లోపలికి పిలిపించి, ఇంజిన్ల జోరు పెంచి తగ్గించే థ్రాటిళ్లు ఆయన చేతికిచ్చారు. కాక్‌పిట్ సిబ్బంది ముగ్గురు, ఆయన, మొత్తం నలుగురూ ఒకరినొకరు అడుగుతూ విమానాన్ని అమెరికాలోని సూ సిటీ విమానాశ్రయం దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. మా నలుగురికీ కలిపి 103 ఏళ్ల అనుభవం ఉంది, కానీ అలాంటి విమానాన్ని నడిపిన అనుభవం ఒక్క నిమిషం కూడా లేదు అని హేన్స్ తర్వాత సభల్లో చెబుతుండేవారు. ఆ శిక్షణే లేకపోతే అక్కడిదాకా వచ్చేవాళ్లం కాదనీ అనేవారు.

ఇప్పుడు నా గోడు. నా ఉద్యోగమంతా శిక్షణ విభాగాల్లోనే గడిచింది. అంతటా ఒకటే తంతు. పైఅధికారి వస్తారు, నేర్చుకోవడం ఎంత గొప్పదో ముప్పావుగంట చెబుతారు, మొదటి తరగతి మొదలయ్యేలోగా వెళ్లిపోతారు. ఒకసారి ఒకరిని ఉండమని అడిగాను. “నేను కూర్చుంటే వీళ్లు స్వేచ్ఛగా మాట్లాడలేరండీ” అన్నారు, ఎంతో సౌమ్యంగా. తన ఎదుట ఎవరూ నోరు విప్పరని ఆయనకు తెలుసు. దాన్ని సరిదిద్దుకోవాల్సిన లోపంగా కాక తాను పాటిస్తున్న మర్యాదగా చెప్పుకున్నారు! ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మీరు రేపు సమావేశాలు నడుపుతారు. “ఎవరికైనా సందేహాలున్నాయా” అని అడిగితే ఎవరూ మాట్లాడరు. మీ అభిప్రాయం చివర చెప్పండి, అందరికన్నా చిన్న ఉద్యోగిని ముందు అడగండి. ఈ నిర్ణయం తప్పయితే ఎక్కడ తప్పవుతుందో చెప్పమనండి. చెడువార్త తెచ్చిన మొదటి మనిషితో మీరు ఎలా మాట్లాడతారో మిగతావాళ్లు కనిపెడుతుంటారని మరవకండి.

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. మూడో ఉపశీర్షిక కోసం రాసుకొచ్చిన కాగితాలు అలాగే ఉన్నాయి, ఉండనివ్వండి. నిర్వాహకులకు ఒక మనవి. చివరి రోజు సమీక్ష తరగతి నా పేరున ఉంది. ఆ సాయంత్రం ముగింపు సభకు పైఅధికారులు వచ్చి ధ్రువపత్రాలు ఇస్తారని రాశారు. వాళ్లను సమీక్షకే రమ్మనండి. వేదిక మీద కుర్చీలు వద్దు, వీళ్ల మధ్యలోనే వేయండి. మొదటి గంట వాళ్లు ప్రశ్నలు మాత్రమే అడగాలి, సలహాలు ఇవ్వకూడదు. కుదరదంటే ఆ తరగతికి మరొకరిని చూసుకోండి.