కెనడాలోని కాల్గరీలో పెద్ద చెట్టున్న ఇల్లు కొన్నవాళ్ళకు

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు మాట్లాడమన్నారు కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ఈ మధ్య మనవాళ్ళు చాలామంది ఊరి అంచున ఉన్న కొత్త కాలనీలు వదిలి పాత పేటల్లో ఇళ్ళు కొంటున్నారు. ఇంటితోపాటు యాభై, అరవై ఏళ్ళ స్ప్రూస్ చెట్టో, ఎల్మో, పాప్లరో చేతికొస్తోంది. చెట్ల పని చేసేవాణ్ణి కదా, నాకు ఫోన్లు వస్తుంటాయి. ఎక్కువమంది అడిగేది ఒకటే. "అన్నా, గాలికి తెగ ఊగుతోంది, ఇంటిమీద పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కొట్టించేద్దామా?"

ఊగడం జబ్బు కాదండీ. గాలికి ఊగిన చెట్టుకే మొదలు లావెక్కుతుంది, వేళ్ళు గట్టిపడతాయి. చూడాల్సినవి వేరే ఉన్నాయి. నిటారుగా ఉండే చెట్టు ఈ ఏడాది కొత్తగా ఒరిగిందా? ఒరిగిన వైపుకు ఎదురుగా నేల ఉబ్బి పగుళ్ళిచ్చిందా? మొదట్లో పుట్టగొడుగులు వచ్చాయా? రెండు మానులు సమానంగా లేచిన చోట, పంగలో బెరడు లోపలికి ఇరుక్కుపోయి సన్నటి గీతలా కనిపిస్తోందా? వీటిలో ఏది కనిపించినా వెంటనే చెట్ల పని తెలిసిన మనిషిని పిలవండి. ఏదీ లేకపోతే ఈ ఊళ్ళో మీ చెట్టుకు గాలి కంటే పెద్ద గండం దాహం.

ఇది మొదట గడ్డిమైదానం. బో, ఎల్బో నదుల ఒడ్డున పాప్లర్లు ఉండేవి, అక్కడక్కడా వాగుల్లో, వాలుల్లో ఇంకొన్ని. ఇప్పుడు మనం చూసే వీధి చెట్లు మనుషులు నాటి, నీళ్ళు పోసి పెంచినవి. 1913 నుంచి 1942 దాకా ఇక్కడి పార్కులకు సూపరింటెండెంటుగా ఉన్న విలియం రీడర్ అందులో చాలా పాటుపడ్డాడు. ఇక్కడ ఏడాదికి పడే వాన, మంచు అంతా కలిపితే దాదాపు 420 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో సుమారు 550 పడుతుంది. మంచు చూసి ఇది తడి దేశం అనుకుంటాం గానీ, అనంతపురం కన్నా పొడి ఊళ్ళో కాపురముంటున్నామన్నమాట.

దానికి తోడు షినూక్ అనే వెచ్చటి గాలి. పసిఫిక్ నుంచి వచ్చే గాలి రాకీ పర్వతాలు ఎక్కేటప్పుడు తడంతా అవతలి వైపే కురిపించేస్తుంది. ఆ పొడిగాలి ఇటు దిగేటప్పుడు కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. పొద్దున మైనస్ ఇరవై ఉన్న రోజే మధ్యాహ్నానికి జాకెట్ విప్పేసి తిరుగుతాం. మనకు పండగే. స్ప్రూస్‌కు మాత్రం అది నరకం. ఆకు రాల్చని చెట్టు కదా, వెచ్చటి పొడిగాలికి సూదుల్లాంటి ఆకుల్లోంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. కింద నేల గడ్డకట్టి ఉండటంతో వేళ్ళు పైకి నీళ్ళు పంపలేవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నైరుతి వైపు సూదులు ఎర్రబడి కనిపిస్తే అందరూ "చలికి మాడింది" అంటారు. నిజానికి అది ఎండిపోవడం. శరత్కాలంలో లోపలి పాత సూదులు పసుపెక్కి రాలడం మాత్రం మామూలే, దానికి కంగారు పడకండి.

బర్చ్ చెట్టు సంగతి ఇంకా కష్టం. నీళ్ళు చాలా కావాలి దానికి. కరువు పట్టిందంటే తల నుంచి కిందికి ఎండుకొస్తుంది. నీరసించిన చెట్టును చూసి బెరడు కింద తొలిచే పురుగు చేరుతుంది. అందరం పురుగును తిడతాం.

కాబట్టి నీళ్ళ గురించి కాస్త వివరంగా చెబుతాను. అక్కడ మన ఊళ్ళల్లో పాదు తీసి మొదట్లో నీళ్ళు పోయడం అలవాటు. పెద్ద చెట్టుకు అది పనికిరాదు. నీరు తాగే పీచువేళ్ళు కొమ్మల చివరల కింద, అక్కడినుంచి ఇంకా అవతలికి, పైన ఉన్న అడుగు, అడుగున్నర మట్టిలోనే పరుచుకుని ఉంటాయి. గొట్టాన్ని అక్కడ పెట్టి సన్నటి ధారగా వదలండి. గంటకోసారి చోటు మార్చండి. పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని మట్టిలో గుచ్చి చూడండి. పిడి దాకా సులువుగా దిగితే తడిసినట్టు. రెండంగుళాల్లో ఆగిపోతే ఇంకా పెట్టాలి. ఎంత నీరంటే, మొదలు అడ్డుకొలత అంగుళానికి నలభై లీటర్లు అని ఒక మోటు లెక్క. పదహారు అంగుళాల స్ప్రూస్‌కు ఒక్కో తడికి ఆరొందల లీటర్లు దాటుతుంది. లాన్ స్ప్రింక్లర్ పది నిమిషాలు తిరిగితే గడ్డి తడుస్తుంది, అంతే.

ఎప్పుడు? ఆగస్టు చివర కాస్త తగ్గించండి, చెట్టు కొత్త చిగుళ్ళు ఆపి చలికి సిద్ధమవ్వాలి. ఆకులు పసుపెక్కి రాలాక, నేల గడ్డకట్టకముందు, అక్టోబర్‌లో బాగా తడపండి. ఇక్కడే ఒక చిక్కుంది. స్ప్రింక్లర్ పైపులు పగులుతాయని సెప్టెంబర్ ఆఖర్లో బ్లోఅవుట్ చేయించేసి, అంటే గాలి కొట్టి పైపుల్లో నీళ్ళన్నీ తీయించేసి, ఇక నీళ్ళ పని అయిపోయిందనుకుంటాం. చెట్టుకు అసలు తడి కావాల్సింది ఆ తర్వాతే. బయటి కొళాయికి గొట్టం తగిలించి పెట్టండి, రాత్రికి విప్పేయండి. ఆ తర్వాత చెక్క ముక్కలు మూడు, నాలుగు అంగుళాల మందాన పరవండి. మానుకు ఆనకుండా ఒక జానెడు ఖాళీ వదలండి. మానుచుట్టూ కుప్పగా పోస్తే బెరడు కుళ్ళుతుంది.

ఇక రంపం. 2014 సెప్టెంబర్‌లో ఇక్కడున్నవాళ్ళు చేతులెత్తండి. ఐదారుగురు ఉన్నారు. ఆ నెల రెండో వారంలో, ఆకులు ఇంకా పచ్చగా ఉండగానే తడిమంచు పడింది. ప్రతి ఆకూ మంచును పట్టుకుని కూర్చుంది. కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. తర్వాత నెలలోనే, అక్టోబర్ 12న, మన విశాఖను హుద్‌హుద్ ఊడ్చేసింది. ఆ రెండూ చూసినవాళ్ళకు చెట్టంటే భయం పట్టుకోవడంలో తప్పులేదు. కానీ ఆ భయంతో చాలామంది చేయించిన పని టాపింగ్, అంటే తల నరికించడం.

అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త చెట్లను రంపంతో నిలువునా కోసి లోపల గాయాలు చూసేవాడు. ఆయన తేల్చిందేమిటంటే చెట్టుకు మన చర్మంలా గాయం మానదు. దెబ్బ తిన్న చెక్కను గోడ కట్టి వేరుచేసి, దానిమీదుగా కొత్త చెక్క పెంచుకుంటుంది. చిన్న గాయమైతే గోడ నిలుస్తుంది. లావుపాటి మానును మధ్యలో కోసేస్తే నిలవదు, లోపలికి కుళ్ళు దిగుతుంది. పైగా ఆ మోడు చుట్టూ పిలకలు గుబురుగా లేస్తాయి. అవి చేవలోంచి కాదు, పైపొరలోంచి పుట్టినవి. నాలుగైదేళ్ళకు బరువెక్కి, గాలికి మొదట విరిగేవి అవే. గాలికి భయపడి తల కొట్టించినవాళ్ళు గాలికి విరిగే చెట్టును డబ్బిచ్చి తయారు చేయించుకున్నట్టు.

కొమ్మ తీయాల్సివస్తే మానును కలిసేచోట ఉబ్బుగా, ముడతలుగా ఉండే మెడను చూడండి. దాన్ని కోయకుండా, మోడు మిగల్చకుండా, సరిగ్గా దాని బయట కోయాలి. ముందు కింద నుంచి కొంచెం గాటు, తర్వాత కాస్త అవతల పైనుంచి కోసి బరువు దించడం, ఆఖరున మెడ దగ్గర కోత. అలా అయితే కొమ్మ విరిగిపడుతూ బెరడును చీల్చుకుపోదు. పైన నల్లరంగు స్ప్రే కొట్టనక్కర్లేదు. ముదురు చెట్టుకు ఏడాదిలో పచ్చటి కొమ్మలు తీసేది ఎంత తక్కువైతే అంత మంచిది. చెట్టు మీద తడిమంచు పడితే చీపురుతో కింది నుంచి పైకి మెల్లగా తట్టండి. ఐస్ గడ్డకట్టి ఉంటే ముట్టుకోకండి.

ఎల్మ్ ఉన్నవాళ్ళు చెవిన వేసుకోండి. మన రాష్ట్రం అల్బర్టాలో ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఎల్మ్‌ను కోయడం నిషేధం. ఎల్మ్‌లను చంపే డచ్ ఎల్మ్ అనే బూజు జబ్బును మోసే పురుగు పచ్చి గాయం వాసనకు వస్తుంది. 2024లో ఆ జబ్బు ఎడ్మంటన్‌లో బయటపడింది. ఎల్మ్ కట్టెలు పొయ్యికని దాచుకోవడం కూడా కుదరదు.

వాస్తు సంగతి ఎవరో అడిగారు. ఈశాన్యంలో బరువుండకూడదని మంచి స్ప్రూస్‌ను కొట్టించమని నన్ను అడిగినవాళ్ళున్నారు. నమ్మకం మీ ఇష్టం. చలికాలంలో ఉత్తరపు గాలి వచ్చేటప్పుడు అడ్డం నిలిచేది ఆ చెట్టే. వరుసగా ఉంటే వాటి ఎత్తుకు పదింతల దూరం దాకా గాలి జోరు తగ్గుతుంది. హీటింగ్ బిల్లు చూసుకుని నిర్ణయించుకోండి. దీపావళికి చుట్టిన లైట్లు మాత్రం వసంతానికల్లా విప్పేయండి. ఏళ్ళ తరబడి వదిలేస్తే వైరు బెరడులోకి దిగిపోతుంది.

పనికి మనిషిని పిలిస్తే ఐఎస్ఏ (చెట్ల సంరక్షణ నిపుణుల అంతర్జాతీయ సంఘం) సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ అడగండి. బూట్లకు ముళ్ళు కట్టుకుని బతికున్న చెట్టెక్కి కొమ్మలు కోస్తానన్నా, టాపింగ్ చేస్తానన్నా టీ ఇచ్చి పంపించేయండి.

ఫోన్లో మీ చెట్ల ఫొటోలున్నవాళ్ళు ముందుకు రండి. మొదలు కనిపించే ఫొటో అయితే మరీ మంచిది.