ప్లాట్‌ఫాం టికెట్టు మీద ఎంతసేపు?

(హనుమకొండలో పింఛనుదారుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

నేను కాజీపేటలో టీసీగా పనిచేసి రిటైరైన మనిషిని. డేటు దాటిన పాసుతో, నిన్నటి టికెట్టుతో ఎక్కినవాళ్లను ఎంతమందిని పట్టుకున్నానో లెక్క లేదు. "చదువుకున్నవాళ్లు, డేటు చూసుకోవాలి కదా సార్" అని రోజుకు పదిసార్లు అనేవాడిని. అలాంటి నేను నా పాస్‌పోర్టులో అమెరికావాళ్లు వేసిన డేటును ఐదు నెలలు చూసుకోలేదు. నన్ను ఈ మైకు ముందుకు పిలిచింది నిపుణుడినని కాదు, దొరకబోయి బయటపడ్డవాడినని.

ఈ హాల్లో బి-2 వీసా, అంటే అమెరికాకు చుట్టపుచూపుగా పోయే విజిటరు వీసా, ఉన్నవాళ్లు చేతులెత్తండి. సగం మంది ఉన్నారు. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు పోయి, ఒకటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి, పదేళ్ల వీసా తెచ్చుకున్నవాళ్లం మనం. పదేళ్లు అనగానే మనకు ధీమా వస్తుంది. మా టికెట్లు బుక్ చేసిన ఏజెంటు కూడా అదే అన్నాడు: "పదేళ్ల వీసా ఉంది కదా సార్, తిరుగు టికెట్టు ఎప్పుడు వేస్తే ఏముంది? జనవరిలో రేటు తక్కువుంది." జనవరి 6కు వేశాడు. మేము దిగింది 2024 జూన్ 5న.

రైల్వే భాషలో చెప్తాను. వీసా అనేది స్టేషను గేటు దాకా రానిచ్చే కాగితం. పదేళ్లలో ఎన్నిసార్లయినా గేటు దగ్గరికి రావచ్చు. లోపల ఎంతసేపు ఉండాలన్నది మాత్రం ప్లాట్‌ఫాం టికెట్టు చెప్తుంది. మన దగ్గర ప్లాట్‌ఫాం టికెట్టు రెండు గంటలు. అక్కడ విజిటరుకు మామూలుగా ఆరు నెలలు. ఆ టికెట్టు పేరు ఐ-94. దాన్ని ఇచ్చేది నానక్‌రామ్‌గూడ కాదు, అక్కడ విమానం దిగాక కౌంటరులో కూర్చున్న ఆఫీసరు. ఆయన రాసిన తేదీయే తేదీ. వీసా 2033 దాకా ఉన్నా ఆ తేదీ దాటితే తప్పే. వీసా రేపే అయిపోతున్నా, ఆ తేదీ ఇంకా ముందుంటే తప్పు లేదు, నిశ్చింతగా ఉండొచ్చు. వీసా అయిపోయింది, వెంటనే వచ్చేయాలేమో అని అక్కడ హడలిపోయే తల్లిదండ్రులూ ఉన్నారు. రెండు వైపులా పొరపాటు ఒక్కటే, తప్పు కాగితం చూడటం.

2013కు ముందు పోయినవాళ్లకు గుర్తుండాలి, పాస్‌పోర్టులో తెల్ల కార్డు ముక్క ఒకటి పిన్ను కొట్టి ఇచ్చేవాళ్లు. దాని మీద తేదీ ఉండేది, కళ్లకు కనపడేది. ఆ తర్వాత విమానాశ్రయాల్లో ఆ కార్డు తీసేసి కంప్యూటరులో పెట్టారు. ఇప్పుడు కొన్నిచోట్ల ముద్ర కూడా వేయడం లేదు. కాగితం పోయాక తేదీ మన కంటి ముందు నుంచి మాయమైంది. సీబీపీ, అంటే అక్కడి సరిహద్దు, కస్టమ్స్ శాఖ వాళ్ల వెబ్‌సైటులో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే రెండు నిమిషాల్లో వస్తుంది. దిగిన వారంలో పిల్లల చేత తీయించండి. పేరు తప్పు పడినా, తేదీ తప్పు పడినా అప్పుడే తెలుస్తుంది. పాస్‌పోర్టు గడువు దగ్గర పడి ఉంటే ఆరు నెలలకు బదులు అక్కడిదాకానే రాసే సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి పాస్‌పోర్టు రెన్యువల్ ఇక్కడే చేయించుకుని పోండి.

నాకు ముద్ర వేశారు. ఆఫీసరు "ఎంతకాలం ఉంటారు?" అంటే "జనవరి" అన్నాను. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపుడు నా జనవరికి ఒప్పుకోవడమనుకున్నాను. ఆయన ముద్ర కొట్టి పెన్నుతో ఏదో రాశాడు. వెనక లైనులో మా ఇంటామె సంచిలో ఆవకాయ సీసాలు, సకినాల డబ్బా. కస్టమ్స్‌లో ఏమంటారో అన్న టెన్షన్‌లో నేను పాస్‌పోర్టు మూసి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ తెరిచింది నవంబరులో.

డాలస్ పక్కన మా బిడ్డ ఇల్లు. బతుకమ్మ అక్కడే ఆడారు. గునుగు పువ్వు దొరకదు కాబట్టి దుకాణంలో దొరికిన బంతులు, చామంతులతో పేర్చారు. దీపావళి మర్నాడు పొద్దున గుమ్మం ముందు ప్రమిదలు ఏరుతూ మా ఇంటామె మెట్టు మీద జారింది. నూనె ఒలికిన మెట్టు. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. కట్టు కట్టారు. ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు, ఇప్పట్లో అంత దూరం విమాన ప్రయాణం వద్దన్నారు. ఇన్సూరెన్సు క్లెయిముకు పాస్‌పోర్టులో ముద్ర ఉన్న పేజీ స్కాన్ చేసి పంపమన్నారు. మా అల్లుడు స్కానర్ మీద పేజీ పరిచి, పెద్దగా చేసి చూసి, "మామయ్యా, ఇది డిసెంబరు 4 కదా, మీ టికెట్టు జనవరి 6 కదా" అన్నాడు. ముప్పై ఏళ్లు జనాల టికెట్లు చూసిన కళ్లు నావి. ఆ పూట అన్నం సయించలేదు.

చేతిలో ఉన్నది నాలుగు వారాల లోపు. అక్కడ ఉండే గడువు పొడిగించమని అడిగే దరఖాస్తు పేరు ఐ-539. యూఎస్‌సీఐఎస్ అనే అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు పెట్టాలి, ఐ-94 తేదీ దాటకముందే పెట్టాలి. కనీసం 45 రోజుల ముందు పెట్టుకోండని ఆ శాఖే చెప్తుంది. మాకు ఆ 45 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. అయినా తేదీ లోపల ఉన్నాం కాబట్టి పెట్టొచ్చు. అప్పుడు ఆన్‌లైన్ ఫీజు 420 డాలర్లు, మన డబ్బులో 35 వేల పైచిలుకు. ఫీజులు మారుతుంటాయి, మీరు పెట్టే రోజు చూసుకోండి.

ఇంట్లో చిన్న పంచాయితీ జరిగింది. ఇద్దరికీ పెడదామని బిడ్డ. నాకేమైంది, నా కాలు బాగానే ఉంది కదా అని నేను. ఒక ఇమిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి అడిగారు. ఆమె చెప్పింది నాకు నచ్చింది: అవసరం ఎవరిదో వాళ్లకే అడగండి. నా టికెట్టు డిసెంబరు 1కి మార్పించారు. మార్చినందుకు కట్టిన డబ్బుతో ఇక్కడ రెండు నెలల కిరాణా వచ్చేది, అది వేరే కథ. మా ఇంటామెకు ఒక్కదానికే దరఖాస్తు పెట్టాం.

అందులో ఏం పెట్టామో చెప్తాను, చాలామంది గందరగోళపడేది ఇక్కడే. ఎందుకు ఉండాల్సి వస్తోంది అన్నదానికి డాక్టరు ఉత్తరం. ఎప్పటికి పోతారు అన్నదానికి ఫిబ్రవరి నెలాఖరు అని స్పష్టంగా ఒక తేదీ. ఖర్చు ఎవరు భరిస్తారంటే బిడ్డ రాసిచ్చిన పత్రం, ఆమె బ్యాంకు కాగితాలు. తిరిగి పోతుందన్న నమ్మకం ఏమిటంటే ఇక్కడి ఇంటి పన్ను రసీదు, నా పింఛను కాగితం, కొత్త తిరుగు టికెట్టు. "ఇంకొన్నాళ్లు పిల్లలతో ఉండాలనిపించింది" అని రెండు లైన్లు రాసి పంపేవాళ్లున్నారు. అనిపించడం తప్పు కాదు గానీ అవతల కూర్చున్నవాడికి అది కారణంలా కనపడదు. అలాగని లేని జబ్బు రాయించుకోవద్దు. ఆ అబద్ధం ఫైలులో ఉండిపోయి, రేపు మళ్లీ వీసాకు పోయినప్పుడు ముందుకొస్తుంది. ఇంకో మాట. విజిటరు అక్కడ పని చేయకూడదు. మనవడిని ఎత్తుకుంటే ఎవరూ ఏమీ అనరు. పిల్లలిద్దరూ ఆఫీసుకు పోవాలి కాబట్టి మేం ఆయాలుగా ఉంటాం అన్నట్టు రాస్తే మాత్రం దాన్ని ఉద్యోగం కింద చూడరన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

దరఖాస్తు అందినట్టు రసీదు నోటీసు పోస్టులో వచ్చింది. తీర్పు రాలేదు. డిసెంబరు 4 దాటింది. నేను కాజీపేటలో పప్పు మాడబెట్టుకుంటున్నాను, ఆమె అక్కడ కుర్చీలో కాలు చాపుకుని ఉంది. ఒక రాత్రి వీడియో కాల్‌లో అడిగింది: "అంటే నేనిప్పుడు దొంగతనంగా ఉంటున్ననా?"

ఆ ప్రశ్నకు జవాబు కోసం లాయరుకు మళ్లీ ఫోన్ చేయించాను. తేదీ లోపల, సరైన కారణంతో దరఖాస్తు పెట్టుకుని ఉంటే, తీర్పు వచ్చేదాకా ఆ రోజులను అక్రమంగా ఉన్న రోజుల కింద లెక్కపెట్టరు. అంతమాత్రాన పొడిగింపు వచ్చినట్టూ కాదు. ఆర్‌ఏసీ టికెట్టులా అనుకోండి, బండిలో కూర్చోనిస్తారు, బెర్తు ఇస్తారో లేదో తెలియదు. కాదని తీర్పు వస్తే మర్నాటి నుంచి లెక్క మొదలు, వెంటనే బయల్దేరాలి. మా ఇంటామె కాలు కుదుటపడి, తీర్పు రాకముందే, మేం రాసిన తేదీకి లోపలే వచ్చేసింది.

దరఖాస్తు పెట్టకుండా ఊరికే ఉండిపోతే సంగతి వేరు. గడువు ఒక్కరోజు దాటినా ఆ పదేళ్ల వీసా చట్టప్రకారం రద్దయినట్టే, స్టిక్కరు చూడ్డానికి బాగానే ఉంటుంది. 180 రోజులు దాటి, ఏడాది లోపల బయటికొస్తే మూడేళ్లు రానివ్వరు. ఏడాది, ఆపైన ఉంటే పదేళ్లు. 1996లో చేసిన చట్టం ఇది. మన వయసులో పదేళ్లంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

మిగతా దేశాల సంగతి ఒక్క నిమిషంలో. కెనడాలో పిల్లలున్నవాళ్లు సూపర్ వీసా గురించి అడగండి, 2022 నుంచి ఒకసారి పోతే ఐదేళ్లు ఉండొచ్చు. యూరప్‌లో షెంగెన్ దేశాలు, అంటే ఒకే వీసాతో తిరిగే దేశాలు, అన్నీ కలిపి 180 రోజుల్లో 90 రోజులే. ఆస్ట్రేలియా వీసా పత్రంలో 8503 అనే అంకె కనపడితే అక్కడ ఉండగా పొడిగింపు అడిగే దారి దాదాపు మూసినట్టే. ఆ పత్రం చదివి విమానం ఎక్కండి.

గల్ఫ్ మాట ఒక్క నిమిషంలో తేల్చలేను. మనం పింఛనుదారులం, డాలస్‌లో గడువు దాటితే మనకొచ్చేది పరువు సమస్య. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పిల్లలకు దుబాయిలో గడువు దాటితే అది బతుకు సమస్య. మా అక్క కొడుకు జగిత్యాల పక్క ఊరివాడు. 2023లో "విజిట్ మీద పో, అక్కడ కంపెనీ వీసా మార్పిస్తా" అని ఒక ఏజెంటు డబ్బు తీసుకుని పంపాడు. పదో తరగతి పాసు కాని పిల్లలు గల్ఫ్ పనికి పోవాలంటే ఇక్కడ ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి దేశం దాటి పోవడానికి ప్రభుత్వ అనుమతి, తీసుకోవాలి. దాన్ని తప్పించడానికే ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతారు. ఆ క్లియరెన్స్ తీసుకునేటప్పుడు 275 రూపాయలు కడితే రెండేళ్లకు 10 లక్షల ప్రవాసీ బీమా ఉంటుంది. విజిట్ మీద పోయినవాడికి అదీ ఉండదు.

వాడి గడువు అయిపోయింది, ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. దుబాయిలో గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు జరిమానా. నెలకు 1,500. ఏడాదికి 18,250. వాడు చాటుగా చేసిన పనికి వచ్చే కూలి ఆ జరిమానాను అందుకోలేదు. అక్కడివాళ్లు అలాంటివాళ్లను ఖల్లివెల్లి అంటారు. మా అక్క ఆ మాట విని అదేదో కొత్త కంపెనీ పేరనుకుంది. "మావాడు ఖల్లివెల్లిల చేస్తున్నడట" అని ఊళ్లో చెప్పుకుంది. ఎవరూ సరిదిద్దలేదు, నాకూ నోరు రాలేదు.

2024 సెప్టెంబరు 1 నుంచి యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టింది. మొదట రెండు నెలలన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పెంచారు. జరిమానా మాఫీ, మళ్లీ రాకుండా నిషేధం లేదు. వాడు అక్టోబరులో ఔట్‌పాస్ మీద, అంటే దేశం విడిచి పోనిచ్చే పత్రం మీద, వచ్చాడు. ఇప్పుడు మెట్‌పల్లిలో ఆటో నడుపుతున్నాడు. అంతకుముందు అలాంటి క్షమాభిక్ష 2018లో వచ్చింది, 2020లో కోవిడ్ సమయంలోనూ వచ్చింది, అంటే ఆ తర్వాత నాలుగేళ్లు. మళ్లీ వస్తుందని నమ్ముకుని ఎవరూ పిల్లల్ని పంపకండి. అక్కడ విజిట్ వీసాను పొడిగించుకునే పద్ధతి ఉంది, కానీ గడువు లోపల డబ్బు కట్టి చేయించుకోవాలి.

ఇంకో రెండు చిన్న సంగతులు. పోయే ముందు, పింఛను ఆగకుండా ఏటా నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ సంగతి బ్యాంకులో అడిగి పోండి. నవంబరు ఎక్కడ పడుతుందో చూసుకోండి. పొడిగింపు తీసుకుని వచ్చినవాళ్లు మూడు నెలలకే మళ్లీ బయల్దేరకండి. ఇన్ని రోజులు ఇక్కడ ఉండాలని చట్టంలో లెక్క లేదు, కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడే ఉంటున్నారని కనిపిస్తే కౌంటరులో ఆఫీసరు మీరు నిజంగా చుట్టపుచూపుగా వచ్చారా అని అడుగుతాడు. అప్పుడు మనకొచ్చిన ఇంగ్లీషు సరిపోదు.

మా ఇంటామె రసీదు నోటీసు, తిరిగి వచ్చిన బోర్డింగ్ పాస్ ముక్క, డాక్టరు ఉత్తరం మా బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన ఉన్నాయి. మళ్లీ పోయేటప్పుడు గడువు లోపలే అడిగామని, అడిగిన తేదీ లోపలే వచ్చామని చూపించాలి కదా. పేర్లు, నంబర్లు కొట్టేసి పాతిక జిరాక్సులు తెచ్చాను, వెనక టీ బల్ల మీద ఉన్నాయి. మూడో వరుసలో అన్న చాలాసేపటి నుంచి చేయి ఎత్తి పట్టుకున్నాడు. అడుగన్నా.