స్టోర్ తాళం తీసే వేళకు నువ్వుండాలె

(వరంగల్ నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. ఫోన్ చేసినవాళ్లు కోరినందుకు వాళ్ల పేర్లు, కాలేజీల పేర్లు తీసేశాం. స్టూడియోలో సలహాలిచ్చినవారు హోంసైన్స్ చెప్పి, చాలా ఏళ్లు హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరైన మేడమ్.)

యాంకర్: నమస్కారం. 1959లో ఇక్కడ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, అదే ఏడు కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ. అప్పటి నుంచి ఆదిలాబాద్, కరీంనగర్, ములుగు దిక్కు నుంచి పిల్లలు పెట్టె పట్టుకుని ఇక్కడ దిగుతూనే ఉన్నారు. దిగిన పూట నుంచి వాళ్లకు అమ్మ చేతి వంట బదులు మెస్సే దిక్కు. ఆ మెస్ నడిపే తీరులో పిల్లల మాటకు చోటెంత? ఈ రోజు అదే మాట్లాడుకుందాం. మొదటి కాల్ హనుమకొండ నుంచి. చెప్పు తమ్ముడూ.

కాలర్: నమస్తే మేడమ్. నేను పీజీ రెండో సంవత్సరం. ఈసారి మెస్ సెక్రటరీగ నన్నే పెట్టిన్రు మావోళ్లు. రెండు నెలలైంది. అన్నం ముద్దయితది, పప్పు నీళ్లలెక్క ఉంటది. మీటింగుల చెప్తే ‘చూస్తం’ అంటరు. నెలాఖరుకు మాత్రం బిల్లు మీద సంతకం పెట్టమని రూముకొస్తరు. పిల్లలేమో నన్ను తిడుతున్రు. ఎల్లుండి పదకొండు గంటలకు మళ్ల మీటింగుంది. ఏం మాట్లాడాల్నో తెలుస్తలేదు.

మేడమ్: బిడ్డా, ముందు ఒకటి చెప్పు. సరుకు వచ్చినప్పుడు నువ్వు చూసినవా ఎప్పుడన్న?

కాలర్: లేదు మేడమ్. పొద్దున ఆరింటికే వస్తదంట. మేం లేవం.

మేడమ్: అక్కడే పోతున్నది మీ పప్పు. మీటింగు టేబుల్ దగ్గర తేలేది చాలా తక్కువ. కూరగాయల ఆటో దిగేటప్పుడు, స్టోర్ తాళం తీసి ఆ రోజు ఇండెంటు, అంటే వంటకు కావాలని రాసిన సరుకు, తూచి వంటింటికి ఇచ్చేటప్పుడు తేలుతది అంతా. కందిపప్పు పన్నెండు కిలోలు రాసి తొమ్మిది తూస్తే, వంట చేసేవాళ్లు ఏం చేస్తరు? నీళ్లు పోస్తరు. నువ్వు కాంటా పక్కన నిలబడు. రోజూ నువ్వే పోనక్కర లేదు, కమిటీల ఏడుగురు ఉంటే వారానికి ఒక్క రోజు ఒకరికి వస్తది. తూకం చూసినవాళ్లే స్టాక్ రిజిస్టర్ల సంతకం పెట్టాలె, ఆ పొద్దున్నే. నెలాఖరుకు ముప్పై రోజులకు కలిపి ఒక్క సంతకం అడిగితే పెట్టకు. చూడని దానికి సాక్ష్యం చెప్పొద్దు.

కాలర్: బిల్లు కూడా అర్థమైతలేదు మేడమ్. డివైడింగ్ సిస్టమ్ అంటరు. ఈ నెల ఎక్కువొచ్చింది, ఎందుకంటే ధరలు పెరిగినయంటున్రు.

మేడమ్: డివైడింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నెల ఖర్చు మొత్తాన్ని ఆ నెల పడ్డ డైట్ల సంఖ్యతో భాగిస్తరు. డైట్ అంటే ఒక మనిషి ఒక రోజు తిండి. లెక్క కోసం అనుకో, మీరు రెండు వందల మంది, 30 రోజులు, అంటే 6000 డైట్లు. ఖర్చు 4,80,000. రోజుకు 80 రూపాయలు పడ్డది. ఇప్పుడు రిజిస్టర్ల పేరు లేని పన్నెండు మంది రోజూ వచ్చి తిన్నరనుకో. తిన్నది 6360 డైట్లు, భాగించింది 6000తోటి. వాళ్ల పేర్లు రాసి ఉంటే రోజుకు డెబ్బై అయిదున్నర దగ్గర ఆగేది. ఒక్కొక్కరి మీద నెలకు సుమారు 135 రూపాయలు ఊరికే పడ్డయి. ధరలు పెరగడం నిజమే కావచ్చు, కాని ముందు హాజరు లెక్క చూడు. ఊరికి పోయినోళ్లకు మెస్ కట్ పడ్డదా, అంటే ఆ రోజులు బిల్లుల తీసేసిన్రా, గెస్టులకు టోకెన్ కోసిన్రా చూడు. ఇదంతా నోటీసు బోర్డు మీద నెలనెలా పెట్టమని అడుగు.

కాలర్: మరి ముద్దన్నం మేడమ్?

మేడమ్: దానికి రెండు కారణాలుంటయి. కొత్త బియ్యమైతే గంజి ఎక్కువ వదుల్తది, నీళ్లు తక్కువ పట్టాలె. పాత బియ్యం కొలతకే నీళ్లు పోస్తే ముద్దే. బియ్యం ఎప్పటి పంటో టెండర్ల రాయించాలె. రెండోది, అందరికీ ఒకటే గుండిగెల పదకొండింటికే వండి పెడితే, రెండింటికి వచ్చినోనికి అడుగున నలిగిన అన్నమే దొరుకుతది. రెండు విడతలుగ వండమను. పన్నెండింటికి ఒకటి, ఒంటిగంటకు ఒకటి. మీటింగుల ‘అన్నం బాగలేదు’ అంటే ‘చూస్తం’ అనే జవాబే వస్తది. ‘రెండో విడత ఒంటిగంటకు దించాలె’ అంటే అవునో కాదో చెప్పక తప్పదు. ఏది ఒప్పుకున్నా మినిట్స్ బుక్కుల తేదీతో ఎక్కాలె.

యాంకర్: తమ్ముడూ, లైన్లో ఉండు. జగిత్యాల జిల్లా అమ్మాయి, ఇక్కడ లేడీస్ హాస్టల్లో ఉంటుందట. చెప్పమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మాకు రాత్రి భోజనం ఎనిమిదింటికి బంద్ చేస్తరు. ల్యాబ్ అయ్యి వచ్చేసరికి ఎనిమిదిన్నర. నేను, నాతోటి ఇంకా పదిహేను మంది, బిస్కెట్లు తిని పడుకుంటున్నం. పోయిన నెల నేను అడిగితే మా ఇంటికి ఫోన్ చేసిన్రు, ‘మీ అమ్మాయి గొడవలు పెడుతున్నది’ అని. మా అమ్మ ఏడ్చింది. అందుకే ఇప్పుడు మాట్లాడాలంటే భయమైతుంది.

మేడమ్: (కొంచెం ఆగి) అమ్మా, ముందు మీ అమ్మకు చెప్పు, ఆకలైతుందని అడగడం గొడవ కాదని. నేను వార్డెన్ కుర్చీల కూర్చున్నదాన్నే. ఇట్లాంటి ఫోను చేసుడు తప్పు. తప్పని గట్టిగానే అంటున్న.

ఇప్పుడు పని సంగతి. ఒక్కదానివే పోకు. పదహారు మంది పేర్లు, ల్యాబ్ టైమ్ టేబుల్ జత చేసి దరఖాస్తు రాయండి. అడిగేది చిన్నది. సాయంత్రం అయిదింటిలోపు పేరు రాస్తే, ఆ ప్లేటు మూత పెట్టి పక్కన ఉంచాలె, తొమ్మిదింటి దాకా. దీనికి ఒక రిజిస్టరు, ఒక వేడి పెట్టె చాలు. అన్నం, కూర బయటే పెట్టి ఊరుకోవద్దు. వండింది 60 డిగ్రీల పైన వేడిగానన్న ఉండాలె, 5 డిగ్రీల లోపు చల్లగానన్న ఉండాలె. ఆ మధ్యన గంటలకొద్దీ ఉంటే క్రిములు పెరుగుతయి. దరఖాస్తు రెండు కాపీలు తీయండి, ఒకదాని మీద ‘అందినది’ అని స్టాంపు వేయించుకోండి.

కాలర్: అయినా పట్టించుకోకపోతే?

మేడమ్: విద్యార్థుల ఫిర్యాదుల మీద యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2023ల నిబంధనలు తెచ్చింది. ప్రతి కాలేజీల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలె. ప్రాస్పెక్టస్‌ల ఇస్తమని రాసిన సౌకర్యం ఇయ్యకపోవడం కూడా అందుల ఫిర్యాదు కిందికే వస్తది. కాబట్టి ప్రాస్పెక్టస్ తీసి హాస్టల్ పేజీ చదువు. కమిటీ 15 పని దినాలల్ల నివేదిక ఇయ్యాలె. ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజులల్ల అంబుడ్స్‌పర్సన్, అంటే అప్పీళ్లు వినే అధికారి, దగ్గరికి అప్పీలుకు పోవచ్చు. ఆ కమిటీల ఒక విద్యార్థి ప్రతినిధి కూడా ఉంటరు, ప్రత్యేక ఆహ్వానితులుగ. చదువులనో ఆటలనో ముందున్నోళ్లను అధికారులే నియమిస్తరు. మీరు ఎన్నుకున్న మనిషి కాదు కాబట్టి, మీ సంగతి ఆ పిల్లకు మీరే పోయి చెప్పాలె.

యాంకర్: అమ్మా, ఇంకేమన్నా ఉందా?

కాలర్: గుడ్డు వారానికి రెండుసార్లే పెడుతున్రు మేడమ్.

మేడమ్: ఒక గుడ్డుల ఆరు గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటది. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాము చొప్పున కావాలె, అంటే 55 కిలోల ఆడపిల్లకు 45 గ్రాముల పైనే. నీళ్ల చారుతోటి అది రాదు. గుడ్డు తిననోళ్లు కూడా మీ దగ్గర ఉంటరు, వాళ్లకు అదే పూట బొబ్బర్లో శనగలో పల్లీలో పెట్టమని కలిపి అడగండి. ప్రతినిధి తన నాలుకకు రుచయినదే మెనూ అనుకోవద్దు. ఒక్క పొద్దులున్నోళ్లు, రంజాన్ నెలల తెల్లారక ముందే తినేటోళ్లు, ఇంట్ల జొన్నరొట్టెకు అలవాటు పడి వచ్చినోళ్లు మీటింగుల మాట్లాడరు. వాళ్ల రూముకు పోయి అడగాలె.

యాంకర్: పరకాల దగ్గరి నుంచి ఒక పెద్దాయన. చెప్పండి బాబాయ్.

కాలర్: నమస్తే సారూ. మాది ఎవుసం. మా పిలగాడు సంక్షేమ హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నడు. పోయిన ఆదివారం ఒకటే వాంతులు, విరేచనాలు. ఆడ ఇంకా పదిమందికి గట్లనే అయిందంట. పొద్దటి అన్నం రాత్రి పులిహోర కలిపి పెట్టిన్రంటున్నడు. ఇప్పుడు మంచిగనే ఉన్నడు. గని మళ్ల కాకుండ ఏం జెయ్యాలె?

మేడమ్: బాబు కోలుకున్నడు, సంతోషం అన్నా. అట్ల అయినప్పుడు మొదటి పని ఓఆర్ఎస్ తాగిస్తూ దవాఖానకు తీసుకపోవడం. అక్కడ ఓపీ చిట్టీ మీద తిన్నది ఏందో, ఎప్పుడో రాయించాలె. పదిమంది చిట్టీలు ఒకటే సంగతి చెప్తే అదే పెద్ద రుజువు. వండి బయట పెట్టిన అన్నంల పెరిగే ఒక రకం క్రిమి ఉన్నది, అది విడిచిన విషం మళ్ల వేడి చేసినా పోదు. పులిహోర పాపమేం లేదు, పొద్దటి అన్నం ఎక్కడ పెట్టిన్రన్నదే ప్రశ్న. రోజూ వండిన ప్రతి దాంట్ల కొంచెం డబ్బాల తీసి, తేదీ రాసి ఫ్రిజ్‌ల ఉంచే అలవాటు పెట్టమనండి. అనుమానం వస్తే పరీక్షకు ఇయ్యడానికి ఉంటది.

ఇంకోటి, మెస్ నడిపేవాళ్ల ఆహార భద్రత లైసెన్సు గోడ మీద ఉండాలె, 14 అంకెల నంబరు. లేకపోతే అడగండి. జిల్లా ఆహార భద్రతా అధికారికి రాయొచ్చు. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం, ఫీజు కట్టి తిండి నమూనాను పరీక్షకు ఇచ్చే హక్కు కొన్నవాళ్లకు కూడా ఉన్నది.

కాలర్: సర్కారు ఇచ్చే పైసలే సాల్తలేవంటున్రు వార్డెన్ సారు.

మేడమ్: దాంట్ల కొంత నిజమున్నదన్నా. 2024ల పెంచినంక ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక్కొక్కరి తిండికి నెలకు 2100. అంతకు ముందు 1500. 2100 అంటే రోజుకు 70 రూపాయలు, మూడు పూటలకు. మార్కెట్ల మీరే అమ్ముతరు, కొంటరు, మీకు తెలుసు ఆ 70 ఎంతవరకు వస్తదో. దానికోసం పిల్లలు, వార్డెన్లు కలిసి అడగాలె. కాని చెడిపోయిన అన్నం పెట్టొద్దనడానికి పైసలు అక్కర్లేదు.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు. కొంచెం త్వరగా.

కాలర్: మేడమ్, అసలు స్టూడెంట్ యూనియన్ ఎలక్షన్లు పెడితే ఇవన్నీ సర్దుకోవా? మెస్ కమిటీని వార్డెనే పెడితే అది ప్రాతినిధ్యం ఎట్లయితది?

మేడమ్: నీ మాట న్యాయమైనదే. లింగ్డో కమిటీ 2006ల ఎన్నికలెట్ల జరపాల్నో చెప్పింది, అదే ఏడాది సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమన్నది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలల్ల మాత్రం దశాబ్దాలుగ ఎన్నికలు లేవు. అడగండి, అడుగుతూనే ఉండండి. కాని మెస్ కమిటీకి ఆ అనుమతి దాకా ఆగనక్కర లేదు. ఫ్లోరుకు ఒకరిని చిట్టీల మీద ఓట్లేసి ఎన్నుకోండి, రెండు నెలలకు ఒకసారి మార్చుకోండి, ఆ పేర్లను వార్డెన్‌కు రాసివ్వండి. యూనివర్సిటీ అయితే కాంట్రాక్టు కాపీ సమాచార హక్కు కింద అడుగు. పది రూపాయలు, ముప్పై రోజులు. ఏ రకం బియ్యం, ఏ నూనె అని అందుల రాసే ఉంటది. సగం కొట్లాట ఆ కాగితం చూస్తేనే తీరుతది.

యాంకర్: చివరి కాల్. అమ్మా, మీరు కూడా విద్యార్థేనా?

కాలర్: కాదు సారు. నేను హాస్టల్ల వంట చేస్త. పద్దెనిమిదేండ్లాయె. ఇందాకటి నుంచి ఇంటున్న. గా పిల్లగాడు పప్పు నీళ్లు అన్నడు సూడు, పానం సివుక్కుమన్నది. మేం ముగ్గురం, రెండు వందల యాభై మందికి. పొద్దున మూడున్నరకు లేస్తం. గురువారం పూరీ పెట్టిన్రు మెనూల. మనిషికి నాలుగంటే వెయ్యి పూరీలు. ఒత్తేది ఎవలు, కాల్చేది ఎవలు? మమ్ముల ఒక్క మాట అడగలే.

మేడమ్: అక్కా, మంచి మాట చెప్పినవ్. కొన్ని పూరీలు కాల్చేసరికి నూనె ఎట్లయితది?

కాలర్: ఆరేడు వందలు కాలినంక నల్లగయితది. నురగస్తది. పడేద్దమంటే స్టోరుల వేరే నూనె ఇయ్యరు. రేపు తాలింపుకు వాడమంటరు.

మేడమ్: విన్నవా హనుమకొండ బిడ్డా, లైన్ల ఉన్నవ్ కదా? మాడిన నూనెకు చట్టంల హద్దున్నది. 2018 జులై నుంచి పోలార్ పదార్థాలు, అంటే నూనె మళ్ల మళ్ల కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే ఆ నూనె వాడొద్దు. వంటింట్ల మీటరుండదు, కాని అక్క చెప్పిన నురగ, నలుపు, ఘాటు పొగే దాని గుర్తులు. అక్కా, పూరీ బదులు ఏం పెట్టాలంటవ్?

కాలర్: పల్లీలేసి ఉప్మా పెట్టుండ్రి, పులిహోర పెట్టుండ్రి, తాజా అన్నంతోటి. పూరీ ఆదివారం పెట్టుండ్రి, ఎనిమిది నుంచి పది దాక. పిల్లలు లేటుగ లేస్తరు, ఇడతలు ఇడతలుగ వేడివేడిగ ఏస్త. ఇంకో ముచ్చట. రాత్రి ఎంతమంది తింటరో పొద్దుగూకక ముందే చెప్పుండ్రి. పండుగకు సగం మంది ఊరికి పోతరు, మేమేమో అందరికీ వండుతం. ఆ అన్నం గోలెంల పోసేటప్పుడు కడుపుల దేవినట్టయితది. మాది కూడ పంట పండించే ఇల్లే.

యాంకర్: అమ్మా, మీలాంటివాళ్లు మెస్ కమిటీ మీటింగులో కూర్చోవాలి. పిలిస్తే వస్తారా?

కాలర్: ఎందుకు రాను? గని పదకొండు గంటలకు పెడ్తె ఎట్లస్త సారు? అప్పుడు అన్నం పొయ్యి మీదుంటది. మూడింటికైతె గిన్నెలు కడిగి వస్త.

యాంకర్: హనుమకొండ తమ్ముడు ఏదో అంటున్నాడు. చెప్పు తమ్ముడూ.

మొదటి కాలర్: అక్కా, తప్పు అనుకోకు. మేడమ్, మా మీటింగు పదకొండింటికే కదా. మా దగ్గర వంట చేసేటోళ్లు నలుగురు. మూడింటికి మార్చమని ఈ రోజే రాసిస్త. రేపు ఆరింటికి స్టోర్ కాడికి పోత.