గుత్తి గుండ్లు, చెమట చేతులు

హోస్ట్: అన్నా, అనంతపురం పిల్లోళ్లు చాలామంది అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతా. రాతిగుండు ఎక్కేటప్పుడు పట్టు జారకుండా ఉండాలంటే చేతిబలం పెంచుకుంటే చాలా?

గెస్ట్: బలం కావాల్సిందేప్పా. కానీ గట్టిగా నొక్కితే అంతా సరిపోతుందనుకుంటారు చూడు, అక్కడే తేడా. బళ్లో ఏం చదివినాం? ఒత్తిడి రెండింతలైతే ఘర్షణ కూడా రెండింతలని. చర్మం ఆ లెక్కకు లొంగదు. మెత్తనిది కదా, రాతి గరుకులోకి ఒదుగుతుంది. నిజంగా ఎంత మేర తగిలిందనేదే అసలు సంగతి. బాగా ఒదిగినాక ఇంకా నొక్కినా, నొక్కినంత పట్టు పెరగదు. అందుకే గుండ్రటి రాయి మీద వేళ్లు ముడవకుండా అరచెయ్యంతా పరచమంటాం.

హోస్ట్: వేలిముద్రల గీతలుండేది పట్టు కోసమే కదా?

గెస్ట్: అందరూ అదే అనుకుంటారు. 2009లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు నున్నటి అక్రిలిక్ పలక మీద కొలిస్తే, గీతల వల్ల తగిలే వైశాల్యం తగ్గుతోందని తేలింది. మన గుత్తి గ్రానైట్ అంత నున్నన కాదులే, అది వేరే కథ.

హోస్ట్: మరి ఎక్కేముందు చేతులకు పూసుకునే ఆ తెల్లపొడి?

గెస్ట్: మెగ్నీషియం కార్బొనేట్. బళ్లో సుద్దముక్క కాదు, అది తెచ్చి పూసుకునేరు! జిమ్నాస్టిక్స్‌లో వాడేదాన్ని 1950లలో జాన్ గిల్ అనే అమెరికా ఆయన రాళ్ల మీదికి తెచ్చినాడు. తమాషా ఏమంటే, 2001లో ఒక పరిశోధన పొడి వల్ల ఘర్షణ తగ్గుతుందనింది. 2012లో ఇంకొకటి పెరుగుతుందనింది.

హోస్ట్: ఇదేం గోల అన్నా, ఎవుర్ని నమ్మాల?

గెస్ట్: నన్నడిగితే చెమట ఎంతుందనేదాన్ని బట్టి ఉంటుంది. కొంచెం తడి ఉంటే చర్మం మెత్తబడి రాతికి బాగా అంటుతుంది. ఎక్కువైతే నీళ్లే అడ్డమొచ్చి జారుస్తాయి. అరచేతికి ఎండకే కాదు, భయానికీ చెమట పడుతుంది. కింద చూసినావంటే అయిపాయె! ఆ చెమటను పొడి పీల్చుకుంటుంది. కానీ మందంగా పూస్తే అదే చేతికీ రాయికీ మధ్య పొరైపోతుంది. పలచగా రుద్దుకోని దులిపెయ్యల్ల. ముందోళ్లు వదిలిన పొడినీ బ్రష్‌తో తుడిచెయ్యల్ల. మనోళ్లు ఈ పనొక్కటీ చెయ్యరు.

హోస్ట్: మరి మన ఎండలకు?

గెస్ట్: డిసెంబరు, జనవరి తెల్లవార్లు బంగారం. చల్లగా ఉంటే చెమట తక్కువ, రాయీ కాలదు.

హోస్ట్: ఏప్రిల్‌లో ఎక్కాలంటే?

గెస్ట్: చీకటి ఉండంగానే రా. ఎండ గుండు మీద పడే లోపల దిగేద్దాం.