ఫ్రీబీఎస్‌డీ 14 రివ్యూ: పాత టూల్స్‌లో ఏవి ఉండాలి, ఏవి పోవాలి?

అందరికీ నమస్కారం. వైజాగ్ నుంచి ఈ వారం రివ్యూ ఫ్రీబీఎస్‌డీ 14, యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్. డెస్క్‌టాప్, స్పీడ్ సంగతి ఇంకో వీడియోలో చూద్దాం. ఇన్‌స్టాల్ చేయగానే చేతికొచ్చే పాత టూల్స్‌లో ఏవి ఉంచారు, ఏవి తీసేశారు, అది సబబేనా? ఇవాళ అదొక్కటే.

నెట్‌వర్క్ మీద వేరే మెషిన్‌లోకి వెళ్లే పాత టూల్స్ ఆర్‌లాగిన్, ఆర్‌ఎస్‌హెచ్ 2018లో, 12వ వెర్షన్‌కే పోయాయి. 2023 నవంబర్‌లో వచ్చిన 14తో అదే పని చేసే టెల్నెట్‌లో సర్వర్, అంటే మన మెషిన్‌లోకి బయటివాళ్లని రానిచ్చే భాగం, కూడా పోయింది. మంచి పని చేశారు. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు వైరు మీద పంపించే సర్వర్ అందరి మెషిన్లలో ఎందుకండీ? కావాలన్నవాళ్లు పోర్ట్స్ నుంచి, అంటే విడిగా వేసుకునే సాఫ్ట్‌వేర్ల కలెక్షన్ నుంచి, వేసుకుంటారు.

మనం వేరే మెషిన్‌లోకి వెళ్లడానికి వాడే టెల్నెట్ క్లయింట్‌ని మాత్రం ఉంచారు. అదీ కరెక్టే. ఆటోనగర్‌లో నేను చూసుకునే ఒక షెడ్డులో పాత నెట్‌వర్క్ స్విచ్ ఉంది, దాంట్లోకి వెళ్లాలంటే టెల్నెట్ తప్ప దారి లేదు.

ఇక అసలు సంగతి, ఈడీ. 1969లో కెన్ థాంప్సన్ రాసిన లైన్ ఎడిటర్, అంటే కమాండ్లు కొట్టి ఫైల్‌ని లైన్ల వారీగా మార్చే టూల్. "ఇంకా ఇదెందుకు?" అని చాలామంది అడుగుతారు. స్క్రీన్ చూడండి. బూట్‌లో ఏ డిస్క్‌ని ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఒక డిస్క్ పేరు కావాలనే తప్పు కొట్టాను. బూట్ మధ్యలో ఆగి, రిపేర్లకి వాడే సింగిల్ యూజర్ మోడ్‌లో పడింది. రూట్‌ని, అంటే మెయిన్ ఫైల్ సిస్టమ్‌ని, ఫైళ్లు మార్చడానికి వీలుగా మళ్లీ మౌంట్ చేశాను. మనం సీరియల్ కేబుల్ మీద ఉన్నాం. టెర్మినల్ ఏ రకమో తెలియక, ఫైల్‌ని స్క్రీన్ నిండా చూపించే ఎడిటర్ వీఐ మొరాయించింది. ఈడీకి అదేం అక్కర్లేదు. ఫైల్ తెరవగానే ఎన్ని బైట్లో ఒక అంకె చెప్పింది. కామా, పీ కొట్టాను, ఫైలంతా వచ్చింది. ఎస్‌తో పేరు మార్చి, డబ్ల్యూతో సేవ్ చేసి, క్యూతో బయటికొచ్చాను. రీబూట్ చేస్తే లేచి కూర్చుంది. తప్పు కొడితే ఒక్క ప్రశ్నార్థకం చూపించి ఊరుకుంటుంది. కొత్తవాళ్లకి అది చిరాకే, కాదనను. రెస్క్యూ ఫోల్డర్‌లో దీనికి ఇంకో కాపీ కూడా ఉంది, సిస్టమ్ లైబ్రరీలు పాడైనా అది నడుస్తుంది.

"అవసరమైనప్పుడు ప్యాకేజీ దించుకోవచ్చు కదా" అంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక ఈ ఊళ్లో ఎంతమందికి రోజుల తరబడి కరెంటు లేదో, నెట్ లేదో మనందరికీ గుర్తే. అలాంటప్పుడు జనరేటర్ మీద సర్వర్ లేపితే ప్యాకేజీ ఎక్కణ్ణుంచి వస్తుంది? నెట్ లేనినాడు మెషిన్‌ని నిలబెట్టే టూల్ ఎంత పాతదైనా సరే, బేస్‌లోనే, అంటే సిస్టమ్‌తో పాటే వచ్చేవాటిలోనే ఉండాలి.

డెబియన్ లినక్స్ వాడేవాళ్లకి ఈడీ మామూలు ఇన్‌స్టాల్‌తో రాదు. నెట్ ఉండగానే వేసి పెట్టుకోండి.