పక్కింట్లో ఎవరుంటారు?

(విజయవాడలో ఒక కాలనీ సంక్షేమ సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకూ, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని వింటున్న తల్లులకూ, వెనక నిలబడ్డ కుర్రాళ్లకూ.

మంచి పొరుగు అంటే ఏమిటో మాట్లాడమన్నారు. సింగ్‌నగర్ చుట్టుపక్కల కాపురం ఉంటున్న మనకు ఈ సంగతి బయటివాళ్లొచ్చి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వరద వచ్చిన నాడు మనమే చూశాం. ఆ రోజు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ఎవరు ఎవరికి సాయం చేశారో చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. అయితే ఆ సాయానికి ముందు ఒకటి జరిగింది. దాని గురించి మనం సరిగ్గా ఆలోచించలేదని నాకనిపిస్తుంది. ఈ పూట అదే మాట్లాడతాను.

బుడమేరు సంగతి మీకు తెలుసు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు. వరద ఎక్కువైతే వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలోకి పంపాలి. ఆ రెండు రోజుల్లో కృష్ణే పొర్లుతోంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మళ్లింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ నీళ్లు మన వీధుల్లోకి వచ్చాయి. గండ్లన్నీ పూడ్చేసరికి వినాయక చవితి వచ్చేసింది. పడవలొచ్చాయి, హెలికాప్టర్లొచ్చాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు దింపారు. కానీ అవి రాకముందు, నీళ్లు గడప దాటి మంచం ఎత్తుకు వచ్చిన ఆ కొన్ని గంటల్లో, కింది వాటాలో ఉన్నవాళ్లకు మేడ మెట్లు తప్ప దిక్కు లేదు. ఆ మెట్ల పైన తలుపు తీసినవాళ్లు ప్రభుత్వం మనుషులు కారు. పై వాటా వాళ్లు.

మా వెనక వీధిలో ఒక మేడింట్లో ఆ వారం నాలుగు కుటుంబాలు ఒకే పోర్షన్‌లో ఉన్నాయి. కరెంటు లేదు, మోటారు ఆడదు. పైన ట్యాంకులో మిగిలిన నీళ్లే అందరికీ. ఆ ఇల్లాలు ట్యాంకు వాల్వు కట్టేసి, పొద్దున ఇంటికి రెండు బకెట్లు, సాయంత్రం ఒకటి చొప్పున కొలిచి పోసింది. తన ఇంట్లోవాళ్లకూ అంతే. బియ్యం ఆవిడవి, గ్యాసు ఆవిడది. పప్పు, చింతపండు కిందివాళ్లు తలమీద పెట్టుకుని తెచ్చినవి. కింది వాటాలో ఒక పెద్దాయన షుగరు మనిషి, రెండు పూటలా ఇన్సులిన్ వేసుకోవాలి. ఫ్రిజ్ నీళ్లలో తేలిపోయింది. సీసా మాత్రం పోలేదు. ఎందుకంటే నీళ్లు పెరుగుతున్నప్పుడు పైనుంచి దిగిన కుర్రాడు టీవీ కోసం చూడలేదు, సర్టిఫికెట్ల కోసం చూడలేదు. తిన్నగా ఫ్రిజ్ తలుపు తెరిచి, ఇన్సులిన్ తీసి స్టీలు టిఫిన్ డబ్బాలో వేసుకుని పైకెక్కాడు. ఎదురింట్లో నర్సుగా చేసే అమ్మాయి, వాడకం మొదలుపెట్టిన సీసా నాలుగు వారాల దాకా మామూలు గది వేడిలో ఉన్నా పాడవదని, ఎండ తగలకుండా ఉంచితే చాలని డాబా మీద నుంచి కేకేసి చెప్పింది. దాన్ని మంచినీళ్ల కుండ పక్కన నీడలో పెట్టారు. పెద్దాయన క్షేమంగా ఉన్నారు.

ఆ కుర్రాడి ధైర్యాన్ని మెచ్చుకుందాం. కానీ నేను అడిగేది ఇంకోటి. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉందని వాడికెలా తెలుసు? ఎప్పుడో ఒక రోజు ఆ ఇంటికి పాలప్యాకెట్ ఇవ్వడానికి వెళ్లి, తాతగారూ ఇదేంటి అని అడిగి ఉంటాడు. ఆయన చెప్పి ఉంటాడు. ఆ రెండు నిమిషాల కబురు వరద రోజున పనికొచ్చింది. సాయం చేయాలన్న మనసు ఆ రోజు ఊరంతటికీ ఉంది. ఎవరికి ఏం కావాలో తెలిసినవాళ్లే కరువయ్యారు.

1995 జనవరి 17 తెల్లవారుజామున జపాన్‌లో కోబె నగరం దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. 6 వేల మందికి పైగా చనిపోయారు. కూలిన ఇళ్ల కింద చిక్కుకున్నవాళ్లలో ఎక్కువ మందిని బయటికి లాగింది సహాయక దళాలు కాదు, ఇంట్లోవాళ్లూ పక్కింటివాళ్లూ. ఆ దగ్గర్లోనే అవాజీ అనే దీవిలో హొకుదాన్ అనే చిన్న ఊరుంది. అక్కడ దాదాపు 300 మంది శిథిలాల కింద పడిపోయారు. చీకటి పడకముందే ఊళ్లో ఎవరెవరు ఎక్కడున్నారో లెక్క తేలిపోయింది. ఏ ఇంట్లో ఏ ముసలమ్మ ఏ గదిలో ఏ మూల పడుకుంటుందో ఆ ఊరివాళ్లకు తెలుసు కాబట్టి వెతుక్కోకుండా నేరుగా అక్కడే తవ్వారు. పెద్ద నగరంలో ఇది కుదరలేదు. అక్కడ ఎవరు ఎక్కడ పడుకుంటారో చెప్పేవాళ్లు ఎక్కువ మంది లేరు.

ఈ మాట అనగానే పెద్దలు కొందరు, మా కాలంలో ఊళ్లలో ఇలాగే ఉండేది, ఇప్పుడంతా పాడైపోయింది అంటారు. ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. చేబదులు పంచదార, పండక్కి ఇంటింటికీ పిండివంటలు, పురిటికి పక్కింటి పిన్నిగారు... నిజమే, అవన్నీ ఉండేవి. కానీ ఆ పొరుగు వీధి చివరకొచ్చి ఆగిపోయేది. ఊరు వేరు, వాడ వేరు. ఊరి బావిలో చేద వేసే హక్కు లేని మనుషులు ఆ ఊరికి పొలాలు దున్నారు, పాడె కట్టారు. వాళ్ల ఇళ్లలో ఎవరికి ఏ జబ్బుందో ఊళ్లో ఎవరూ అడగలేదు. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోలేను.

ఇప్పటికీ ఆ గీత పోలేదు. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె ఎంతో చెప్పకముందే "మీరేవిట్లు?" అని కులం అడిగే ఇళ్లు మన కాలనీలో ఉన్నాయి. ముస్లిం అని తెలిస్తే ఇల్లు అప్పుడే ఇచ్చేశాం అనేవాళ్లున్నారు. భర్త లేని స్త్రీ ఒంటరిగా వస్తే సవాలక్ష ప్రశ్నలు. పక్కన ఎవరుండాలో ముందే ఇలా ఏరుకుంటూ మంచి పొరుగు గురించి సభలు పెట్టుకోవడం నాకు బాధగా ఉంది. వరద నాడు మెట్లెక్కినవాళ్లను మీరేవిట్లు అని ఎవరూ అడగలేదు. నీళ్లు తగ్గాక మళ్లీ అడగడం మొదలుపెట్టాం.

చప్పుళ్లు, పార్కింగు, చెత్త, బోరు నీళ్ల తగాదాలు ప్రతి మీటింగులోనూ మాట్లాడతాం కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు పెట్టకూడదని 2000 నుంచే నిబంధనలున్నాయి. పరీక్షలకు చదువుకునే పిల్లలున్న వీధిలో దానికి నిబంధన కూడా అక్కర్లేదు. ఇంత చాలు.

ఒకదాని దగ్గర మాత్రం ఆగాలి. గోడ అవతల ఒక ఆడమనిషి దెబ్బలు తింటున్న చప్పుడు వినిపిస్తుంది. మనం టీవీ సౌండ్ పెంచుతాం. మొగుడూపెళ్లాల గొడవ, మనకెందుకు అంటాం. వెళ్లి కాలింగ్ బెల్ కొట్టండి. చేతిలో గిన్నె పట్టుకుని, తోడు పెట్టడానికి కాస్త పెరుగుందా అక్కా అని అడగండి. బయట మనిషి అలికిడి తగిలితే చాలాసార్లు చెయ్యి ఆగుతుంది. ఆ మనిషి తాగి మీదికొచ్చే రకమైతే ఒక్కరే వెళ్లొద్దు, అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. మర్నాడు ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు చెప్పండి. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం రక్షణ అధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ బాధ్యతా పడదని ఆ చట్టంలోనే రాసి ఉంది. కేసుల్లో ఇరుక్కుంటామన్న భయంతో వెనక్కి తగ్గేవాళ్ల కోసం ఈ మాట చెబుతున్నాను.

తెలుసుకోవడం వేరు, కూపీ లాగడం వేరు. ఆ తేడా కూడా చెప్పాలి. పక్కింటి అమ్మాయి రాత్రి ఎన్నింటికి ఇంటికొచ్చిందో సీసీ కెమెరాలో చూసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు పొరుగువాడు కాడు. అలాంటివాళ్లకు భయపడే మనుషులు తలుపులు వేసుకుంటారు. తలుపులు వేసుకుంటే ఫ్రిజ్‌లో మందు ఉందని ఎవరికీ తెలియదు. కాబట్టి మనకు తెలిసింది మన నోట్లోనే ఉండాలి. ఆ నమ్మకం ఉన్నచోటే జనం చెప్పుకుంటారు.

ఇప్పుడు నేను అడగదలచుకున్నది చెబుతాను. మన సంఘంలో సభ్యత్వం ఇంటి యజమానులకే ఉంది. కింది వాటాల్లో ఉన్నవాళ్లలో చాలామంది అద్దెకున్నవాళ్లు. ముందు మునిగేది వాళ్లు. సంఘం పుస్తకంలో వాళ్ల పేర్లే లేవు. మొన్న వరదలో ఏ ఇంట్లో ఎంతమంది చిక్కుకున్నారని పడవవాళ్లు అడిగితే మన దగ్గర జవాబు లేకపోయింది. ఈ నియమాన్ని ఈ రోజే మార్చాలి. అద్దెకున్నవాళ్లకు సభ్యత్వం ఇవ్వాలి, ఓటు ఇవ్వాలి.

రెండోది, వీధికి ఇద్దరు చొప్పున, అందులో ఒకరు తప్పనిసరిగా అద్దెకున్నవాళ్లు, ఇంటింటికీ వెళ్లాలి. లేవలేని ముసలివాళ్లు ఎవరున్నారు, ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందులు ఎవరికున్నాయి, నెలలు నిండుతున్నవాళ్లు ఎవరు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. ఇష్టపడి చెప్పినవాళ్ల వివరాలే రాసుకోవాలి, ఆ కాగితం ఆ ఇద్దరి దగ్గరే ఉండాలి, గ్రూపులో పెట్టకూడదు. మా వీధికి ఒకరుగా నేను తిరుగుతాను. రెండోవారు కావాలి. మిగతా వీధులకు ఎవరు వస్తారో ఇక్కడే పేర్లు చెప్పండి, కార్యదర్శిగారు రాసుకుంటారు. వానలు మొదలయ్యేలోపు ఈ పని పూర్తవాలి.