వాల్వు ఉండాల్సిన చోట తగరపు రేకు: మా పాత జెన్ ఐడిల్ కథ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వు (యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజిన్ ఆగకుండా ఊరికే తిరిగేలా, అంటే ఐడిల్‌లో ఉండేలా, గాలి ఇచ్చేది) నేను కొన్నది కాదు. అమ్మేవాళ్లే ఫ్రీగా పంపారు. డబ్బులివ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. దాని కొలతలు, ఏ బండికి సరిపోతుంది, అవన్నీ వాళ్ల పేజీలో చూసే ఉంటారు. మళ్లీ చదివి మీ టైం తినను.

బండి మా నాయనది. 2005 మారుతి జెన్. దీని జబ్బేంటంటే, పొద్దున స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఆగిపోతుంది. వేడెక్కాక మాత్రం రేసింగ్ తగ్గదు. తెలిసిన మెకానిక్ అన్న స్కానర్ పెట్టి చూస్తే 1400 ఆర్పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతోంది! ఉండాల్సింది ఎనిమిది, తొమ్మిది వందలు. ఆ బాధ తిరుమల నుంచి దిగేటప్పుడు తెలుస్తుంది. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు కదా, ఇప్పుడు దిగడానికి వాడేది. ఆ మలుపుల్లో కాలు తీసినా బండి ముందుకు తోసుకుంటూ పోతుంటే, బ్రేకు మీదే నిలబడాలి. అలిపిరి చేరేసరికి కాలిన వాసన. మా అమ్మ అక్కడే దిగి బస్సెక్కేసింది.

సరే అని ఎయిర్ ఫిల్టర్ పైపు ఊడదీశాను. వాల్వు పాడైందేమో అనుకుంటే, అసలు వాల్వే లేదు. ఇదిగో, దగ్గరగా చూపిస్తా చూడండి. తగరపు రేకు ముక్క, అంచంతా కత్తెర వంకర్లు. చుట్టూ ఎంసీల్ ముద్ద, మీద వేలిముద్ర కూడా పడి ఉంది. వాల్వుకి తగిలించే వైరు కప్లర్‌కి నల్ల టేపు చుట్టి పక్కన కట్టేశారు. ఎవరు చేశారు నాయనా అంటే, "ఎవరో చేశార్లేరా, బండి తిరుగుతోంది కదా" అన్నాడు.

మనం కాలు తీసినప్పుడు థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు, మూసుకుంటుంది. ఇంజిన్ ఆగకుండా పక్క దారిలో కాస్త గాలి వెళ్లాలి. ఆ దారిలో సూదిలా ముందుకూ వెనక్కూ జరిగేదే ఈ వాల్వు. ఇంజిన్ చల్లగా ఉంటే, ఏసీ వేస్తే, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) దాన్ని ఇంకాస్త తెరుస్తుంది. మా పాత కార్బురేటర్ మారుతి 800లో చల్లగా ఉన్నప్పుడు ఈ పని మనమే చేసేవాళ్లం, డాష్‌బోర్డు మీద చోక్ లాగి. చలికాలం పొద్దున ఎంత లాగాలో మా నాయన చేతికి తెలిసేది. నాకు ఒక్కసారీ కుదరలేదు.

వాల్వు బిగించడం పెద్ద పనేం కాదు. ఎంసీల్ గీకి, కార్బన్ అంతా క్లీనర్ కొట్టి తుడిచి, రెండు స్క్రూలు బిగించి, కప్లర్ తగిలించడమే. గీకేటప్పుడు పొడి లోపలికి పోకుండా గుడ్డ కుక్కండి.

నా బాధంతా ఇంకో దాని గురించి. వాల్వు పెట్టాక స్టార్ట్ చేశా. మళ్లీ 1400! ఇదీ డూప్లికేటేరా అనుకుని, వీడియోలో తిట్టడానికి మాటలు కూడా రెడీ చేసుకున్నా. అన్న నవ్వి థ్రాటిల్ లివర్ చూపించాడు. రేకు కొట్టిన మహానుభావుడు, బండి ఆగకూడదని థ్రాటిల్ స్టాప్ స్క్రూని లోపలికి తిప్పేశాడు. థ్రాటిల్ ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంది. గాలి అక్కడి నుంచే పోతుంటే ఈ వాల్వు పూర్తిగా మూసుకున్నా ఏం లాభం? పైగా థ్రాటిల్ సెన్సార్ చూసి, మనం కాలు పెట్టే ఉన్నామని ఈసీయూ అనుకుంటుంది. ఐడిల్‌ని పట్టించుకోదు. కొత్త వాల్వు వేసి "పనికిరాదు" అని తిప్పి పంపేవాళ్లలో ఎంతమంది ఈ స్క్రూని ముట్టుకుని ఉంటారో!

లాక్ నట్ వదులు చేసి, థ్రాటిల్ పూర్తిగా మూసుకునేదాకా స్క్రూ వెనక్కి తిప్పాం. తర్వాత లివర్‌కి తగిలీ తగలనట్టు ముందుకు తెచ్చి, కాసింత తిప్పి లాక్ చేశాం. మరీ వదిలేస్తే థ్రాటిల్ పళ్లెం దాని గొట్టంలో ఇరుక్కుంటుంది. ఈసీయూ పాత లెక్కలు మరిచిపోవాలని బ్యాటరీ నెగిటివ్ పది నిమిషాలు తీసి పెట్టి, ఏసీ లేకుండా రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఐడిల్‌లో ఉంచాం. స్కానర్‌లో 870. ఏసీ వేశా. ఒక్క క్షణం దిగి, మళ్లీ పైకొచ్చి నిలబడింది. ఆ శబ్దం విని మా నాయన ఇంట్లోంచి బయటికొచ్చాడు!

మొన్న శనివారం అలిపిరి తనిఖీ దగ్గర కార్ల బారులో, ఏసీ వేసుకుని అరగంట పైనే నిలబడ్డాం. ఒక్కసారి కూడా ఆగలేదు. దిగేటప్పుడు బ్రేకు వాసన రాలేదు. అమ్మ మాత్రం ఇంకా బస్సే అంటోంది.

మరి వాల్వు బాగుందా అంటే, బాగుంది. కానీ పదికి ఆరే ఇస్తా. డబ్బాలో రబ్బరు రింగు లేదు! అది లేకపోతే గాలి లీకయ్యి మళ్లీ ఐడిల్ పైకీ కిందికీ ఊగుతుంది. డబ్బా మీద బంగారు రంగు స్టిక్కరుంది, లోపల వారంటీ కార్డుంది, థాంక్యూ కార్డు కూడా ఉంది. ఆ రింగు కోసం రేణిగుంట రోడ్డులో మూడు షాపులు తిరిగా, పెట్రోలు ఖర్చు దానికంటే ఎక్కువైంది. సైజు ఎంత అని మాత్రం నన్ను అడక్కండి. వాల్వు జేబులో వేసుకుపోయి షాపులోనే పెట్టి చూశా.